రక్తనాళంలో రేడియో

కిందటేడు మార్గశిర మాసంలో ఒక రాత్రి రెండు దాటాక మా అత్తయ్య దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఆ వేళప్పుడు వచ్చే ఫోను మంచి కబురు తేదని ఎవరికి తెలియదు? "పడుకుంటే ఊపిరి ఆడటం లేదంటున్నారమ్మా. లేచి కూర్చుంటే కాస్త నయంగా ఉందంట. ఏం చేసేది?" అంది.

మా మేనమామ ఇల్లు మైపాడు దగ్గర, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే. కాని అర్ధరాత్రి మనిషికి ఊపిరి అందనప్పుడు పాతిక కిలోమీటర్లంటే కాశీకి పోయినంత. పక్కింటి రొయ్యల గుంటల వాళ్ళు మేత బస్తాలు దించేసి బండి తీశారు. డ్రైవరు పక్కన మామయ్య ముందుకు వంగి, రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి, ఇందుకూరుపేట దాటేవరకు ఒక్క మాట మాట్లాడలేదట. నెల్లూరు దీపాలు కనిపించినప్పుడు మాత్రం, "ఇంకెంత?" అన్నాడట.

ఆస్పత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, నీరు తీసే సూది మందు ఇచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మూడో రోజుకు నాలుగు కిలోల బరువు తగ్గాడు. అదంతా నీరే. పొద్దున చూడవచ్చిన పెద్ద డాక్టరుగారు, "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగారు.

"నిన్న రాత్రి నుంచే సార్. పగలంతా బాగానే తిరిగాను."

"నిన్న రాత్రి మీకు తెలిసిందండీ. లోపల రెండు మూడు వారాల నుంచే మొదలై ఉంటుంది."

ఆ మాట మామయ్యకు ముల్లులా గుచ్చుకుంది. జబ్బు పడినందుకు కాదు, రెండు మూడు వారాలు తనకు తెలియకుండా జరిగినందుకు. ఆయనకు అంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే ఆయన చేసిన ఉద్యోగం సంగతి చెప్పాలి.

మామయ్య ముప్పయ్యేళ్ళకు పైగా శ్రీహరికోటలో పనిచేశాడు. పెద్ద శాస్త్రవేత్తేం కాదు; టెలిమెట్రీ విభాగంలో యంత్రాలు సరిచూసే టెక్నీషియను. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకు పోయింది గాని, ఆ సంగతి మామయ్య ఈనాటికీ ఒప్పుకోడు. టెలిమెట్రీ అంటే దూరాన ఉన్న వస్తువు లోపలి సంగతులు రేడియో అలల మీద తెప్పించుకోవడం. రాకెట్టు లేచిందంటే దాన్ని చేత్తో ముట్టుకునేవాడు లేడు, లోపలికి తొంగి చూసేవాడు లేడు. గొట్టంలో ఒత్తిడి ఎంత, వేడి ఎంత, అదురు ఎంత అన్నది అదే చెప్పాలి, కింద మనం వినాలి.

1979 ఆగస్టు 10న మొట్టమొదటి ఎస్.ఎల్.వి.-3 ఎగిరిన రోజున మామయ్య ఉద్యోగంలో కొత్త. పదిహేడు టన్నుల నాలుగు దశల రాకెట్టు. మొదటి దశ చక్కగా కాలింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకు కథ ముగిసి, శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల అవతల బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాంగారు. తరవాత రాకెట్టు పంపిన అంకెల్ని వరసపెట్టి చదివితే తేలిందేమిటంటే, రెండో దశను తిన్నగా నడపడానికి కావలసిన నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోయింది. ఎగరడానికి ఎనిమిది నిమిషాల ముందు తెరుచుకున్న ఒక చిన్న కవాటం, మురికి అడ్డుపడి, మళ్ళీ మూసుకోలేదు! మరుసటేడు జూలై 18న రెండో ప్రయత్నం నెగ్గి రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందనుకోండి, అది అందరికీ తెలిసిన కథ. మామయ్య మాత్రం మొదటి కథే చెబుతాడు.

"చూశావా అమ్మాయ్, కారడం నేల మీద ఉండగానే మొదలైంది. మనకి కనబడింది ఆకాశంలో. నా రొమ్ములో కూడా అట్నే జరిగింది. వందల కిలోమీటర్ల అవతలి ఒత్తిడి చదివినోణ్ణి, నా ఒంట్లో ఒత్తిడి చదవలేకపోయానే!" అన్నాడు మంచం మీద కూర్చుని.

ఇంతకూ ఆ లోపలి ఒత్తిడి ఏమిటి? మనం చేతికి పట్టీ కట్టించుకుని చూపించుకునే బి.పి. కాదది. మామయ్యకు ఆ బి.పి. ఎప్పుడూ బాగానే ఉండేది.

నెల్లూరు వాళ్ళకైతే పెన్న కాలవతో చెబితే చాలు. కాలవ చివర తూము సరిగా లాగకపోతే ఏమవుతుంది? నీళ్ళు వెనక్కు తన్ని, పైనున్న పొలాలు మునుగుతాయి. గుండె ఎడమ భాగం ఊపిరితిత్తుల నుంచి శుభ్రపడి వచ్చిన రక్తాన్ని ఒంటికంతటికీ తోడిపోస్తుంది. అది బలహీనపడి పూర్తిగా తోడలేకపోతే, రక్తం వెనక ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అక్కడి నాళాల్లో ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. ఆరోగ్యవంతుడికి ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి పాదరసం లెక్కన 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మోచేతి దగ్గర 120 చూసుకుని మురిసేవాళ్ళకు ఇది చాలా చిన్న అంకె. ఈ చిన్న అంకె పైకి పాకుతూ పోతే, ఒకనాటికి రక్తంలోని నీరు ఊపిరితిత్తుల గాలిగదుల్లోకి ఊరుతుంది. పడుకుంటే మరీ ఎక్కువ. అందుకే మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. కాళ్ళు వాచడం, ఒళ్ళు బరువెక్కడం కూడా ఉంటాయి గాని అవి ఈ కథలో ఆలస్యంగా వచ్చే చుట్టాలు. ఒత్తిడి పెరగడానికీ మనిషికి తెలియడానికీ మధ్య రోజులు, ఒక్కోసారి వారాలు గడుస్తాయి. డాక్టరుగారు చెప్పింది అదే.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో మందుల పేర్లు పన్నెండు వరసలున్నాయి. ఉప్పు సంగతి, రోజూ బరువు చూసుకోమన్న సంగతి అడుగున కోడిగీతల్లో ఉన్నాయి. వారం తరవాత నేను వెళ్ళినప్పుడు భూతద్దం పెట్టి చదివితే గాని బయటపడలేదు. ఆ వారం రోజులూ మా అత్తయ్య, పాపం, నీరసంగా ఉన్నాడని ఎండుచేపల పులుసు పెడుతోంది! సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళకు ఉప్పు మానమనడం మాటలా? ఆ తీరంలో ఇస్కపల్లి దిక్కున ఉప్పు పొలాలే ఉన్నాయి. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని, ఆ నీరే గుండె మీద మోతని చెబితే అత్తయ్య వింది. చేపల పులుసులో ఉప్పు సగానికి తగ్గించి, మామిడికాయ ముక్కలు ఎక్కువ వేసి మాయ చేసింది. ఆవకాయ జాడీ మాత్రం పై అటక ఎక్కింది.

బరువు చూసుకునే యంత్రం నేను కొనిచ్చాను. మామయ్య దాన్ని ఉద్యోగంలాగే పట్టుకున్నాడు. తెల్లవారి లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, కాఫీ తాగకముందు ఎక్కడం. అంకె గట్టిగా చదవడం. అత్తయ్య గళ్ళ కాగితం మీద చుక్క పెట్టడం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోను చేయాలి. గోడ మీద ఆ గీత చూస్తే శ్రీహరికోట గదిలో ఉన్నట్టే ఉండేది. మాఘ మాసంలో ఒకసారి గీత పైకి లేచింది. ఒక పెళ్ళి భోజనం తాలూకు అప్పడాలూ ఊరగాయలూ అన్నమాట. ఫోను చేస్తే నీటి మాత్ర పెంచమన్నారు. నాలుగు రోజుల్లో గీత దిగింది. మామయ్య గర్వం చూడాలి!

ఆ గర్వం వేసవి దాకా నిలిచింది. వైశాఖంలో మళ్ళీ అదే అర్ధరాత్రి, అదే బండి. గోడ మీద గీత మాత్రం తిన్నగా గీసిన బద్దలా ఉంది.

యంత్రం చెడిపోలేదు. ఎండలకు ఆకలి చచ్చి నెలరోజులుగా సరిగా తినలేదు. ఒంట్లో కండ తగ్గింది. తగ్గిన కండ స్థానంలో నీరు చేరింది. తక్కెడకు కండేదో నీరేదో ఏం తెలుసు? రెండూ సరిపోయి అంకె కదల్లేదు. బరువు చూసుకోవడం మంచిదే, డాక్టర్లందరూ చెప్పేదే. కాని అది ఇంటి బయట నిలబడి లోపలి మాటలు వినడం వంటిది.

"బయట కాదు, లోపల పెట్టాలి సెన్సారు" అన్నాడు మామయ్య ఈసారి ఇంటికి వచ్చాక. అది ఆయన ఊహ అనుకున్నాను. డాక్టరుగారిని అడిగితే నవ్వి, "ఉందండీ. మీ మామయ్యగారికి నచ్చే వస్తువే" అన్నారు. ఆయన చెప్పింది కొంత, తరవాత నేను చదువుకున్నది కొంత, మామయ్య సరిదిద్దింది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

రక్తపు ఒత్తిడిని మొదట కొలిచినవాడు డాక్టరు కాదు, ఇంగ్లండులో ఒక చర్చి ఫాదరీ. స్టీఫెన్ హేల్స్ అనే ఆయన ఆడగుర్రం తొడ ధమనిలో గొట్టం గుచ్చి, దానికి నిలువెత్తు గాజుగొట్టం తగిలించి చూస్తే రక్తం ఎనిమిదడుగుల పైకి ఎగబాకింది. 1733లో ఆ సంగతి అచ్చువేశాడు. గుర్రం గతి ఏమైందో అడక్కండి. మనిషి గుండె లోపలికి దారి దొరకడానికి దాదాపు మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే ఊళ్ళో వెర్నర్ ఫార్స్‌మాన్ అనే పాతికేళ్ళ కుర్ర డాక్టరు, పెద్దలు వద్దన్నా వినకుండా, తన మోచేతి సిర గుండా సన్నని రబ్బరు గొట్టాన్ని తన గుండెలోకే తోసుకున్నాడు. నా మీద చెయ్యండని ముందుకొచ్చిన నర్సమ్మను బల్లకు కట్టేసి, ఆమె చూసేలోగా తన పని కానిచ్చేశాడట! ఆ గొట్టంతోనే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి పోయి ఫొటో తీయించుకున్నాడు. అప్పుడు చీవాట్లు తిన్నాడు. 1956లో కూర్నాన్, రిచర్డ్స్ అనే ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానం తీసుకున్నాడు. 1970లో అమెరికాలో స్వాన్, గాంజ్ అనేవాళ్ళు గొట్టం కొసన చిన్న బుడగ పెట్టారు. తెరచాప పడవ గాలికి పోయినట్టు ఆ బుడగ రక్తప్రవాహంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల ధమనిలో చేరుతుంది. సముద్రపు ఒడ్డున పడవలు చూస్తుండగా స్వాన్‌కు ఆ ఆలోచన తట్టిందంటారు.

ఇవన్నీ ఆస్పత్రి మంచం మీద ఉన్నంతసేపే. గొట్టం తీసేస్తే మళ్ళీ చీకటి.

మరి గొట్టం లేకుండా ఎలా? 1957లో మెకే, జేకబ్‌సన్ అనే ఇద్దరు మింగే రేడియో మాత్ర చేశారు. కడుపులో తిరుగుతూ అక్కడి ఒత్తిడి, వేడి చెప్పేది. దానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీ అయిపోతుంది. మింగిన మాత్రకు పరవాలేదు, రక్తనాళంలో ఏళ్ళ తరబడి ఉండవలసిన వస్తువుకు పనికిరాదు. 1967లో కార్టర్ కాలిన్స్ అనే ఆయన కంటిలోపలి ఒత్తిడి కొలవడానికి బ్యాటరీయే లేని బుల్లి సాధనం చేసి చూపించాడు. కీలకమంతా అక్కడుంది. కాని దాన్ని రక్తనాళంలో నిలిచేలా చేయడానికి ఇంకా ముప్పై నలభై ఏళ్ళు పట్టింది.

చివరికి దారి చూపింది జెట్ ఇంజను! అమెరికాలో అట్లాంటాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆలెన్ అనే ప్రొఫెసరు, మండే ఇంజనుల్లో తీగెలు పెట్టడానికి వీలులేని చోట ఒత్తిడి కొలవడానికి తీగెలేని సెన్సార్లు చేస్తున్నారు. జే యాదవ్ అనే భారతీయ అమెరికన్ హృద్రోగ వైద్యుడికి, అదే వస్తువు రక్తనాళంలో ఎందుకు పెట్టకూడదని తోచింది. ఇద్దరూ కలిసి 2001లో కార్డియోమెమ్స్ అనే కంపెనీ పెట్టారు. మొదట, పొట్టలో పెద్ద ధమని బుడగలా ఉబ్బినవాళ్ళకు మరమ్మతు చేశాక ఆ ఉబ్బులో ఒత్తిడి చూడడానికి ఒకటి చేశారు. 2005లో దానికి అనుమతి వచ్చింది. తరవాత ఊపిరితిత్తుల ధమనికి.

ఇది వినగానే మామయ్య లేచి కూర్చున్నాడు. "ఇంజనులోంచి గుండెలోకి! మన కలాంగారు చేసింది కూడా అదే గదా!" అన్నాడు. నిజమే. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థంతో హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలకు కాలి పట్టీలు చేయించారు. మూడు కిలోల పట్టీ ఈడ్చుకుంటూ నడిచే పిల్లలకు మూడు వందల గ్రాములది వచ్చింది. 1998లో హృద్రోగ నిపుణులు సోమరాజుగారితో కలిసి తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంటు చేశారు. ఆ కబురు వచ్చిన రోజున శ్రీహరికోట క్యాంటీనులో మిఠాయి పంచానంటాడు మామయ్య. అత్తయ్య మాత్రం, "పంచింది నువ్వు కాదు, తిన్నది నువ్వు" అంటుంది.

సాధనం చూడబోతే చాలా చిన్నది. పొడవు 15 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర బియ్యపు గింజలు కొసాకొసా పెట్టినంత. వెడల్పు మూడున్నరకు లోపు, మందం రెండు మిల్లీమీటర్లు. పచ్చి స్ఫటికం కరిగించి చేసిన గాజు పెట్టె. రెండు కొసలా నికెలు-టైటానియం తీగె ఉంగరాలు. నాళంలో జారిపోకుండా ఆన్చుకుని ఉండడానికి. పెట్టె లోపల ఒక తీగె చుట్ట, రెండు లోహపు పలకలు. అంతే. కదిలే చక్రం లేదు, బ్యాటరీ లేదు.

ఇంట్లో పాత రేడియో ఉంటే దాని మర తిప్పి చూడండి. మర తిప్పితే లోపల పలకలు ఒకదాని సందులోకి ఒకటి జరుగుతాయి. రేడియో పలికే స్టేషను మారుతుంది. ఈ గాజు పెట్టెలో మర తిప్పేది మనిషి చెయ్యి కాదు, రక్తం. ఒత్తిడి పెరిగితే పెట్టె పలుచని గోడ వెంట్రుకవాసి లోపలికి వంగుతుంది, పలకలు దగ్గరవుతాయి, దాని స్టేషను మారుతుంది. బయటి నుంచి ఒక ఏరియల్ రేడియో అల పంపి తట్టితే, లోపలిది తన స్టేషను మీద చిన్నగా మోగుతుంది. జలతరంగం వాయించేవాడు గిన్నెలో నీళ్ళు ఎక్కువా తక్కువా పోసి, పుల్లతో తట్టి స్వరం వింటాడు గదా, అట్లాగే. తట్టే శక్తి బయటిదే కనుక లోపలిదానికి బ్యాటరీతో పనిలేదు. స్వరాన్ని బట్టి ఒత్తిడి లెక్క కడతారు.

పెట్టడం ఎట్లా? రొమ్ము కోయరు. గజ్జల దగ్గర సిరలోంచి గొట్టం పంపి, గుండె కుడి భాగం దాటించి, ఊపిరితిత్తుల ధమని కొమ్మలో దీన్ని వదిలి గొట్టం వెనక్కు తీస్తారు. ఫార్స్‌మాన్ వేసిన దారే. కొంతకాలానికి దాని మీద ఒంటి పొర పెరిగి నాళపు గోడలో భాగమైపోతుంది. ఇక రోజూ పొద్దున రోగి ఇంట్లోనే ఒక ప్రత్యేకమైన దిండు మీద వెల్లకిల పడుకుంటాడు. ఆ దిండులోనే ఏరియల్. మీట నొక్కితే కొద్ది సెకన్లలో అంకెలు వచ్చి, టెలిఫోను దారిన డాక్టరు దగ్గరికి పోతాయి. గీత పైకి పాకుతుంటే డాక్టరు మాత్ర పెంచుతాడు. మరీ దిగితే తగ్గిస్తాడు.

"అంటే రాకెట్టు పడుకుంటుంది, కంట్రోలు రూము డాక్టరు దగ్గర" అన్నాడు మామయ్య.

పనిచేస్తుందా? ఇక్కడ కాస్త నిదానించాలి. అమెరికాలో 64 ఆస్పత్రుల్లో 550 మందికి పెట్టి చూశారు. అందరికీ సెన్సారు ఉంది. సగం మంది అంకెలే డాక్టర్లకు చూపించారు, మిగతా సగం చూపించలేదు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం సగటున పదిహేను నెలల్లో, గుండె బలహీనత వల్ల ఆస్పత్రి పాలవడం అంకెలు చూసినవాళ్ళలో 158 సార్లు, చూడనివాళ్ళలో 254 సార్లు. నూటికి 37 వంతులు తగ్గింది. సాధనం వల్ల ఇబ్బంది లేకుండా బయటపడినవాళ్ళు మొదటి ఆరు నెలల్లో నూటికి 98 మందికి పైనే. అయినా అక్కడి ప్రభుత్వ సలహా సంఘం ఆ ఏడే ఒప్పుకోలేదు. ఒక పక్షం రోగుల విషయంలో కంపెనీ నర్సులు డాక్టర్లకు సలహాలు కూడా ఇచ్చారు, గెలుపు సెన్సారుదా నర్సులదా అని వాళ్ళ సందేహం. సబబైన సందేహమే అని నాకనిపించింది. ఇంకా లెక్కలు చూశాక 2014 మేలో అనుమతిచ్చారు. ఇప్పుడది ఆబట్ కంపెనీ చేతిలో ఉంది. 2021లో వెయ్యిమందితో చేసిన మరో పరీక్షలో మొత్తం మీద స్పష్టమైన గెలుపు తేలలేదు. నడిమధ్యలో కోవిడ్ వచ్చిపడింది. 2023లో నెదర్లాండ్స్‌లో 348 మందితో చేసినప్పుడు రోగుల జీవితం మెరుగైందని, ఆస్పత్రికి పోవడం నూటికి 44 వంతులు తగ్గిందని తేలింది.

గుండె బాగుచేసే వస్తువు కాదు ఇది. ఉన్న గుండె అట్లాగే ఉంటుంది. ముందుగా చెబుతుంది, అంతే. చెప్పింది చదివే మనిషి, చదివి ఆనాడే మాత్ర మార్చే మనిషి అవతల ఉండాలి. ఆదివారం ఎవరు చదువుతారని నేను డాక్టరుగారిని అడిగితే, ఆయన గోడ మీది క్యాలెండరు కేసి చూశారు. ఖర్చు సంగతి కూడా ఉంది. 2014లో బజారులోకి వచ్చినప్పుడు అమెరికాలో సాధనం ఒక్కదాని వెలే సుమారు 18 వేల డాలర్లు. పెట్టే కూలి వేరు. మామయ్య పింఛనుతో లెక్క కట్టుకుంటే, రెండు రొయ్యల గుంటలు అమ్మాలి. ఆయనకు ఒక్కటీ లేదు.

డాక్టరుగారు తొందరపెట్టలేదు. మందుల్లో ఒకటి మార్చారు, ఇంకొకటి చేర్చారు. తక్కెడ మానవద్దన్నారు, దానితోపాటు రాత్రి ఎన్ని తలగడలు కావాలో, మెట్లెక్కితే ఎన్నో మెట్టు దగ్గర ఆగాలో కూడా రాయమన్నారు. ఆకలి తగ్గితే, కాఫీ రుచించకపోతే అది కూడా. "అంకె కదలకపోయినా ఇవి కదులుతాయి" అన్నారు. రెండు వారాలకోసారి మనిషిని చూడాలన్నారు.

ఇప్పుడు గోడ మీద కాగితంలో మూడు గీతలున్నాయి. బరువుకు నల్లసిరా, తలగడలకు ఎర్రసిరా, మెట్లకు పచ్చసిరా. శ్రీహరికోటలో రంగుకో సూది ఉండేదని మామయ్య జ్ఞాపకం. వైశాఖం తరవాత రాత్రిపూట బండి పిలవవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. ఒకసారి ఎర్రగీత ఒకటి నుంచి రెండుకు పెరిగింది, నల్లగీత కదల్లేదు. ఆ పూటే ఫోను చేశారు.

మొన్న ఆదివారం వెళ్ళి రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున మాటలు వినపడి మెలకువ వచ్చింది. దీపం వెలుతురులో మామయ్య తక్కెడ మీద నిలబడి ఉన్నాడు. అత్తయ్య పెన్సిలు చెవిలో పెట్టుకుని గళ్ళ కాగితం ముందు కూర్చుంది.

"అరవై ఒకటి పాయింటు నాలుగు."

"తలగడ?"

"ఒకటే."

"మెట్లు?"

"ఇంకా ఎక్కలేదు గదే. కాఫీ ఇస్తే ఎక్కుతా." అని ఆగి, "ఆ అటక మీదికి కూడా ఎక్కగలను, ఆవకాయ జాడీ దించాలంటే" అన్నాడు.

"రాసుకున్నా" అంది అత్తయ్య.